దారిలో ఆగిన బండికి దిక్కెవరు?

డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఒక అపార్ట్‌మెంటు అనుకోండి. నలుగురు తెలుగు కుర్రాళ్లు, నలుగురికీ కలిపి ఒక కారు. లక్ష మైళ్లు ఎప్పుడో దాటేసిన పాత కరోలా. ఆదివారం సాయంత్రం ముగ్గురు వెళ్లి వారానికి సరిపడా సరుకులు కొని, డిక్కీ నింపి, తాళం తిప్పారు. ఇంజను లేవలేదు. డాష్‌బోర్డు లోపలెక్కడో టిక్ టిక్ టిక్‌మంటోంది, అంతే. ఒకడు ఫోన్‌లో దగ్గర్లో టోయింగ్ బండి ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఇంకొకడు బీమా కంపెనీ యాప్ తెరిచి, పాస్‌వర్డ్ గుర్తురాక తల గోక్కుంటున్నాడు. నాలుగోవాడి దగ్గర ఏదో క్లబ్బు కార్డు ఉన్నట్టు మూడోవాడికి అప్పుడు తట్టింది. ఆ నాలుగోవాడు గదిలో నిద్రపోతున్నాడు.

ఈ కుర్రాళ్లు కల్పితం. వాళ్ల ఇబ్బంది కాదు. న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో పిల్లలున్న గుంటూరు, కరీంనగర్ అమ్మానాన్నలకు ఇలాంటి కబురు మర్నాడు పొద్దున, అంతా సర్దుకున్నాక, సగం దాచి చెబుతారు. కారు ఆగినప్పుడు ఎవర్ని పిలవాలి? ఏటా చందా కట్టించుకునే పాతకాలపు మోటారు క్లబ్బునా, అవసరం పడ్డప్పుడు డబ్బు తీసుకుని బండి పంపే యాప్‌నా? ప్రశ్న ఈ కాలానిదే. దాని వేళ్లు మాత్రం నూరేళ్ల కిందటి మట్టిరోడ్లలో ఉన్నాయి.

సెల్యూట్ కొట్టకపోతే ప్రమాదం

మోటారు క్లబ్బులు పుట్టింది బండ్లు లాగడానికి కాదు. ఇంగ్లండ్‌లోనైతే పోలీసుల నుంచి తప్పించుకోవడానికి పుట్టాయి. అప్పట్లో అక్కడ గంటకు 20 మైళ్ల వేగం దాటకూడదు. పోలీసులు పొదల చాటున గడియారం పట్టుకుని కూర్చునేవారు. విసిగిపోయిన కార్ల ఆసాములు 1905 జూన్ 29న లండన్‌లోని ట్రొకడెరో రెస్టారెంట్‌లో కలుసుకుని ఆటోమొబైల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. క్లబ్బు మనుషులు సైకిళ్ల మీద తిరుగుతూ, ముందు పోలీసులున్నారని సభ్యులను హెచ్చరించేవారు. ఎదురొచ్చే లారీ హెడ్‌లైట్లు రెండుసార్లు కొట్టి ‘ముందు చెకింగ్ ఉంది’ అని చెప్పడం మన హైవేల మీద ఇవాళ్టికీ ఉన్నదే.

1910లో అక్కడి కోర్టు ఇలాంటి హెచ్చరిక పోలీసు విధులకు అడ్డు తగలడమేనని తేల్చింది. క్లబ్బు దానికి తిరుగులేని ఉపాయం కనిపెట్టింది. సభ్యుడి కారుకు క్లబ్బు బిళ్ల ఉంటుంది కదా, అది కనబడగానే మనిషి సెల్యూట్ కొట్టాలి. సెల్యూట్ కొట్టలేదంటే బండి ఆపి కారణం అడగమని సభ్యులకు చెప్పారు. హెచ్చరిక ఇస్తే నేరం కావచ్చుగానీ, సెల్యూట్ కొట్టకపోవడం ఏ సెక్షను కిందికి వస్తుంది?

అమెరికా కథ వేరు. 1902 మార్చి 4న షికాగోలో తొమ్మిది స్థానిక క్లబ్బులు కలిసి అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. అందరూ పిలిచేది ట్రిపుల్ ఏ అని. అప్పుడు సభ్యులు 1,500 కూడా లేరు. వాళ్ల గోలంతా మంచి రోడ్ల కోసం. దారిలో ఆగిన బండికి సాయం పంపడం 1915లో సెయింట్ లూయిస్‌లో మొదలైంది. మిస్సోరీ ఆటో క్లబ్బు మోటారు సైకిళ్ల మీద మనుషులను రోడ్ల మీదికి పంపి, ఎక్కడ ఎవరి బండి మొరాయించినా బాగుచేయించింది. మరుసటి ఏడు టెనెసీలోని చటానూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ యజమాని, వాగులో పడ్డ స్నేహితుడి ఫోర్డ్ కారును తాళ్లతో, మనుషులతో పైకి లాగడానికి గంటల తరబడి నానా తంటాలు పడ్డాడు. ఆ విసుగులోంచే పాత కాడిలాక్ వెనుక మూడు దుంగలు, ఒక కప్పీ, ఒక గొలుసు బిగించాడు. టో ట్రక్కు అలా పుట్టింది.

ఇవాళ ట్రిపుల్ ఏ సభ్యులు ఆరు కోట్ల పైమాటే. అది ఒక కంపెనీ కాదు, ప్రాంతాల వారీగా విడివిడి క్లబ్బుల సమాఖ్య. అందుకే చందా ఎంత, ఎన్ని మైళ్లు లాగుతారు అన్నది టెక్సస్‌లో ఒకలా, న్యూజెర్సీలో ఒకలా ఉంటుంది. మామయ్య కొడుకు వేరే రాష్ట్రంలో కట్టిన మొత్తాన్ని చూసి లెక్కలు వేసుకుంటే తప్పుతాయి.

మైళ్ల దగ్గరే మెలిక

క్లబ్బు సూత్రం సులువు. పదిమంది చందాలేసుకుంటారు, ఏ ఇద్దరి బండో ఆగితే ఆ సొమ్ముతో బాగుచేస్తారు. బండి ఆగని ఎనిమిది మంది డబ్బే ఆగిన ఇద్దరికీ అండ. యాప్‌లో ఈ పంచుకోవడం ఉండదు. బండి నీది, ఆగింది నీకు, బిల్లూ నీదే.

చందా తక్కువలో ఉండే మామూలు స్థాయిలో ఏడాదికి నాలుగు పిలుపులు ఇస్తారు. బ్యాటరీకి జంప్ ఇవ్వడం, టైరు మార్చడం, తాళం లోపల వేసుకున్నప్పుడు తలుపు తీయడం, పెట్రోలు తేవడం దీనిలోకి వస్తాయి. చిక్కంతా టోయింగ్ దగ్గరుంది. మామూలు స్థాయిలో ఉచితంగా లాగేది ప్రాంతాన్ని బట్టి మూడు నుంచి ఏడు మైళ్లే. పై స్థాయికి వెళితే 100 మైళ్లు. అన్నిటికంటే పైదానిలో ఏడాదికి ఒకసారి 200 మైళ్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. హ్యూస్టన్ నుంచి డాలస్‌కు వస్తూ కోర్సికానా దగ్గర కారు ఆగిందనుకోండి. డాలస్ ఇంకా సుమారు 55 మైళ్లుంది. మామూలు స్థాయి సభ్యుడికి అయిదు మైళ్లు ఉచితం. మిగిలిన 50 మైళ్లకు మైలుకు 5 డాలర్ల చొప్పున వేసినా 250 డాలర్లు. పై స్థాయి సభ్యుడు ఒక్క డాలరు ఇవ్వక్కర్లేదు. రెండు స్థాయిల చందాల మధ్య తేడా ఈ బిల్లులో చిన్న ముక్క మాత్రమే. ఊళ్లోనే తిరిగేవాళ్లకు చవక కార్డు చాలు. నెలకోసారి వేరే ఊళ్లో ఉన్న స్నేహితుల దగ్గరికి పరిగెత్తే కుర్రాళ్లకు అది అలంకారం.

కారు ఆగాక అక్కడికక్కడే పెద్ద కార్డు కొనేయొచ్చు కదా అనిపిస్తుంది. క్లబ్బులు ఆ ఎత్తును ఏనాడో కనిపెట్టాయి. కొత్తగా పై స్థాయిలో చేరితే ఆ సదుపాయాలు కొన్ని రోజుల తర్వాతే మొదలవుతాయి. చేరిన రోజే పిలిస్తే అదనపు రుసుము వేసే క్లబ్బులూ ఉన్నాయి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వేవాళ్లకు ఇక్కడ నీళ్లు పడవు.

ఇంకొక సంగతి చాలామంది చదవరు. ట్రిపుల్ ఏ కార్డు మనిషికి వర్తిస్తుంది, బండికి కాదు. సభ్యుడు స్నేహితుడి కారులో పక్క సీట్లో కూర్చున్నా సాయం వస్తుంది. బీమా కంపెనీ ఇచ్చే రోడ్‌సైడ్ సదుపాయం దీనికి తలకిందులు. అది ఎక్కువగా పాలసీలో ఉన్న బండికే, ఎవరు నడిపినా. నలుగురు కలిసి ఒకే కారు వాడుకునే చోట ఈ తేడా చిన్నది కాదు. బీమాది నెలకు కొద్ది డాలర్లే కాబట్టి ఊరిస్తుంది. అయితే కొన్ని కంపెనీలు ఈ సాయాన్ని కూడా క్లెయిము కిందే రాసుకుంటాయి. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

టో ట్రక్కుల ఊబర్

2010 తర్వాత అమెరికాలో అన్నిటికీ ఊబర్ రావాలన్న ఉబలాటం పుట్టింది. టోయింగ్‌కూ వచ్చింది. 2013లో వర్జీనియాలో అర్జెంట్‌లీ, 2014లో లాస్ ఏంజెలెస్‌లో హాంక్ మొదలయ్యాయి. చందా లేదు, కార్డు లేదు. ఫోన్‌లో నొక్కితే మీరున్న చోటు దానికే తెలుస్తుంది, ధర ముందే కనబడుతుంది, వచ్చే ట్రక్కు మ్యాపు మీద కదులుతూ ఉంటుంది. అంతకుముందు క్లబ్బుకు ఫోను చేస్తే, ‘ఏ ఎగ్జిట్ దాటారు, ఏ పక్కన ఉన్నారు’ అని గంభీరమైన గొంతు అడిగేది. కొత్తగా వచ్చినవాళ్లు, యాస అర్థంకానివాళ్లు ఎగ్జిట్ నంబరు చెప్పలేక బిక్కచచ్చిపోయేవారు. ఆ కష్టం తీర్చినందుకు యాప్‌లకు దండం పెట్టాల్సిందే.

అయినా ఆ యాప్‌లు అనుకున్న దారిలో సాగలేదు. కారణం మామూలు మనిషి బండి ఆగే తీరులోనే ఉంది. క్యాబ్ వారానికి నాలుగుసార్లు కావాలి. టో ట్రక్కు మూడేళ్లకోసారి. మూడేళ్లకోసారి వాడే యాప్‌ను ఎవరు ఫోన్‌లో ఉంచుకుంటారు? ఉంచుకున్నా ఆ చీకట్లో దాని పేరు ఎవరికి గుర్తొస్తుంది? విడివిడిగా జనాన్ని పట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే ఈ కంపెనీలు క్రమంగా వెనక వాకిలి చూసుకున్నాయి. కార్ల కంపెనీలకు, బీమా కంపెనీలకు తెరవెనుక పనిచేసే ఏర్పాటుగా మారాయి. అర్జెంట్‌లీ 2023లో ఒటోనొమో అనే ఇజ్రాయెలీ కంపెనీతో కలిసి నాస్‌డాక్ షేర్ మార్కెట్టుకు ఎక్కింది. ఇటు క్లబ్బులూ తమ యాప్‌లు తెచ్చుకున్నాయి. ట్రిపుల్ ఏ సభ్యుడు కూడా ఇప్పుడు మ్యాపు మీద ట్రక్కును చూస్తూ కూర్చోవచ్చు.

క్లబ్బు, యాప్ అన్న పోటీ పేపర్లలో మిగిలింది. రోడ్డు మీద రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. దీనికి మంచి సాక్ష్యం అజీరో. పిలుపులు అందుకుని ట్రక్కులు పంపే ఈ పెద్ద సంస్థ 1972లో పుట్టినప్పటి పేరు క్రాస్ కంట్రీ మోటార్ క్లబ్. 2018లో అది స్వూప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొనేసింది. మీ కారు కంపెనీ పేరు మీద వచ్చే సాయమో, మీ బీమా పేరు మీద వచ్చే సాయమో చాలాసార్లు ఇలాంటి సంస్థ ద్వారానే వస్తుంది.

వచ్చే ట్రక్కు ఎవరిది?

ఈ పంచాయితీలో ఎవరూ అడగని మనిషి ఒకడున్నాడు. ట్రక్కు డ్రైవరు.

బ్రిటన్‌లో, జర్మనీలో పెద్ద క్లబ్బులకు సొంత గస్తీ మనుషులున్నారు. జర్మనీలో పసుపు బండ్లలో వచ్చే ఏడీఏసీ మెకానిక్కులను జనం పసుపు దేవతలంటారు. వాళ్లు బండిని లాక్కుపోవడం కంటే అక్కడే బాగుచేసి పంపడానికి చూస్తారు. అమెరికాలో ఎక్కువగా వచ్చేది మాత్రం స్థానికంగా నాలుగైదు ట్రక్కులు పెట్టుకున్న చిన్న వ్యాపారి. క్లబ్బు పిలిచినా అతనే, బీమా పిలిచినా అతనే, యాప్ పిలిచినా అతనే. ఫోన్‌లో మూడు నాలుగు సంస్థల డిస్పాచ్ యాప్‌లు తెరిచి ఉంటాయి. ఏది మోగితే అటు.

ఆ వృత్తిలోవాళ్ల మాటల్లో ‘మోటార్ క్లబ్’ అంటే ట్రిపుల్ ఏ ఒక్కటే కాదు. పైనుంచి కాల్స్ పంపి, తామే రేటు నిర్ణయించే ప్రతి సంస్థా వాళ్లకు మోటార్ క్లబ్బే. దానికి ఎదురు మాట ‘క్యాష్ కాల్’, అంటే బండివాడే నేరుగా పిలిచి డబ్బిచ్చేది. క్లబ్బు కాల్‌లో రేటు తక్కువ, పని ఎడతెగదు. క్యాష్ కాల్‌లో రేటు ఎక్కువ, ఎప్పుడొస్తుందో తెలియదు. అర్ధరాత్రి ముప్పై మైళ్లు డీజిల్ కాల్చుకుని వెళితే, అప్పటికే కారువాడు ఇంకెవరిచేతో బాగుచేయించుకుని పోయి ఉండటం వాళ్లకు నిత్యకృత్యం. దానికీ ఒక పేరుంది, జీఓఏ, ‘వెళ్లేసరికి లేడు’ అని. దానికి సంస్థ ఇచ్చేది నామమాత్రం. పీత కష్టాలు పీతవి.

మూడు చోట్లా ఒకేసారి పిలిచి, ఎవరు ముందొస్తే వాళ్లనే పట్టుకుని మిగతావాళ్లకు కనీసం రద్దు కూడా చెప్పని తెలివి మనవాళ్లలోనూ ఉంది. ఆ తెలివికి మూల్యం చెల్లించేది క్లబ్బూ కాదు, యాప్ కూడా కాదు.

మంచు రాత్రి ‘అరగంట’ అని చూపించి మూడు గంటలు చేయడానికి మూలం కూడా ఇక్కడే. యాప్ ట్రక్కును వెతకగలదు, పుట్టించలేదు. తుపాను పడితే ఊళ్లో ఉన్న పది ట్రక్కులకు రెండొందల పిలుపులొస్తాయి. అప్పుడు ఆ డ్రైవరు ఏ కాల్ ముందు తీసుకుంటాడో రేటుకు తెలుసు.

పైగా ఇది ప్రాణాలతో చెలగాటమాడే పని. 2015 నుంచి 2021 వరకు ఏడేళ్లలో రోడ్డు పక్కన సాయం చేస్తూ వాహనాలు ఢీకొని 123 మంది చనిపోయారని ట్రిపుల్ ఏ ఫౌండేషన్ అధ్యయనం లెక్కతేల్చింది. అదే కాలానికి జాతీయ లెక్కల్లో కనిపించింది 34 మందే. లైట్లు వెలుగుతున్న సహాయ వాహనం పక్కన కనబడితే వేగం తగ్గించాలి, లేదా పక్క లేనుకు జరగాలి అన్న చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఉంది. లైసెన్సు పరీక్షకు బట్టీపట్టి, తర్వాత మరిచిపోయే ప్రశ్నల్లో అదొకటి.

అడిగితే ఉచితం

కార్డూ యాప్ రెండూ లేకపోయినా కొన్నిచోట్ల దిక్కుంది. కాలిఫోర్నియా ఫ్రీవేల మీద రద్దీ వేళల్లో ఫ్రీవే సర్వీస్ పెట్రోల్ ట్రక్కులు తిరుగుతాయి. టైరు మారుస్తాయి, జంప్ ఇస్తాయి, కుదరకపోతే ఫ్రీవే మీంచి కిందికి దించుతాయి. పైసా తీసుకోవు. జార్జియాలో 511కు ఫోను చేస్తే అట్లాంటా ఫ్రీవేల మీద తిరిగే హీరో దళం వస్తుంది. హ్యూస్టన్‌లో టో అండ్ గో పథకం కింద ఫ్రీవే లేన్లలో ఆగిన బండిని ఉచితంగా పక్కకు చేరుస్తారు. ఇవి జనం పన్నులతో నడిచే క్లబ్బులు, సభ్యులందరూ పుట్టు సభ్యులే. ఫ్రీవే దాటి గ్యారేజీదాకా మాత్రం ఎవరి ఖర్చు వారిది.

‘క్లబ్’ అన్న మాట వినగానే మెత్తబడాల్సిన పనీ లేదు. లండన్‌లో పుట్టిన ఆ ఆటోమొబైల్ అసోసియేషన్ 1999లో సెంట్రికా అనే గ్యాసు కంపెనీకి అమ్ముడుపోయింది. సభ్యులు చెక్కులు అందుకుని ఖాతాదారులయ్యారు. రెండు కోట్లకు పైగా సభ్యులున్న ఏడీఏసీ, జనం మెచ్చిన కారుకిచ్చే అవార్డులో ఓట్ల అంకెలు పెంచి చెప్పిందని 2014లో బయటపడింది. అధ్యక్షుడు పదవి వదులుకున్నాడు.

మన రోడ్ల మీద

మనకూ మోటారు క్లబ్బులున్నాయి, చాలామందికి తెలియదంతే. కలకత్తాలో 1904లోనే, బొంబాయిలో 1919లో, మద్రాసులో 1929లో ఆటోమొబైల్ సంఘాలు ఏర్పడ్డాయి. దక్షిణ భారత సంఘం కార్యాలయం ఇప్పటికీ చెన్నైలో ఉంది. కారే అపురూపమైన రోజుల్లో అవి దొరలకూ జమీందార్లకూ పనికొచ్చాయి. కార్లు జనంలోకి వచ్చేసరికి జనానికి క్లబ్బు అక్కర్లేకపోయింది. రెండు కిలోమీటర్లకో పంక్చరు షాపు, దాని మీద తరచుగా కేరళ పేరున్న బోర్డు, దాబా పక్కన మెకానిక్కు, ఫోన్‌లో ‘మన మెకానిక్ అన్న’ నంబరు. ఇంతకంటే క్లబ్బేముంటుంది?

అన్నట్టు మనం అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటాం కదా. 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్లో, స్టెప్నీ స్ట్రీట్‌లో తయారైన అదనపు చక్రం పేరది. అమెరికాలో 2015 మోడల్ కార్లలో మూడో వంతుకు పైగా స్టెప్నీ లేకుండానే అమ్మారు. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని తీసేశారు. ఇక్కడా చాలా విద్యుత్ కార్లలో డిక్కీ కింద చక్రం బదులు పంక్చరు కిట్ దొరుకుతుంది. పైగా విద్యుత్ కార్లను చాలావరకు చక్రాలు నేలకు ఆనకుండా ఫ్లాట్‌బెడ్ మీదే తరలించాలి. తాడు కట్టి లాగే మెకానిక్ అన్న ఇక్కడ ఏమీ చేయలేడు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా 12 వోల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోతే అంత పెద్ద విద్యుత్ కారూ కదలదు.

క్లబ్బులు జనంలోకి రాలేదు కాబట్టి మనదగ్గర ఈ వ్యాపారం వేరే దారిలో వచ్చింది. కారు కొన్నప్పుడు కంపెనీ ఇచ్చే రోడ్‌సైడ్ అసిస్టెన్స్, బీమాకు కొద్ది రూపాయలు కలిపితే వచ్చే రైడరు, రెడీఅసిస్ట్, మైటీవీఎస్ లాంటి సంస్థల ఏడాది ప్యాకేజీలు. చాలా ఇళ్లలో ఈ మూడిట్లో ఒకటి ఇప్పటికే ఉంది, ఎవరికీ తెలియదు. బీమా పాలసీ రెండో పేజీ చదివేవాళ్లెవరు?

జాతీయ రహదారుల మీదైతే 1033 ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు రహదారి మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌ప్లాజాల్లో సంక్రాంతికి కొండవీటి చాంతాడంత బారులు తీరే కార్లలో ఎంతమంది దగ్గర ఆ నంబరు ఉందో అడిగి చూడాలి. మనం కట్టే టోలులో గస్తీ వాహనం, అంబులెన్సు, క్రేను కూడా ఉన్నాయి. క్రేను బండిని రోడ్డు మీంచి తీసి భద్రమైన చోట పెడుతుంది. ఇంటిదాకా లాగదు. 2023లో వచ్చిన రాజ్‌మార్గ్‌యాత్ర యాప్ కూడా జాతీయ రహదారుల సంస్థదే. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి వెళ్లాక మాత్రం సిగ్నల్ అందని వంపులు చాలా ఉన్నాయి. అక్కడ యాప్ లేదు, క్లబ్బు లేదు, వెనకొచ్చే బస్సు డ్రైవరే దిక్కు.

ఇర్వింగ్ కుర్రాళ్ల దగ్గరికి వద్దాం. వెతుకులాటలో మొదట తగిలిన నంబరువాడు జంప్ ఇవ్వడానికి 90 డాలర్లన్నాడు, వచ్చాక ఇంకా ఎక్కువవుతుందేమోనన్న సందేహమూ మిగిల్చాడు. బీమా యాప్ తెరుచుకోలేదు. నాలుగోవాణ్ని ఫోన్ చేసి లేపారు. కార్డు నంబరు చెప్పరా చాలు అన్నారు. అతను క్లబ్బుకు ఫోను చేస్తే, సభ్యుడు బండి దగ్గరుండాలి, గుర్తింపు కార్డు చూపించాలి అన్నారు. చివరికి పక్క ఫ్లాట్ అన్నయ్య కారెక్కి, నైట్ ప్యాంటుతోనే పార్కింగ్‌లో దిగాడు. నలభై నిమిషాలకు ట్రక్కు వచ్చింది. డ్రైవరు ఫోన్‌లో ఒకదాని పక్కన ఒకటి నాలుగు యాప్‌లు తెరిచి ఉన్నాయి. ‘ఇది ఎవరి కాల్?’ అని వేలితో జరుపుతూ చూసుకుని, కార్డు అడిగి, జంపర్ కేబుళ్లు తీశాడు. పెరుగు డబ్బాలు అప్పటికే చెమటలు పడుతున్నాయి.